లక్షన్నర తిరిగిన స్పోర్ట్స్ కారును నేనెందుకు నమ్ముతాను

మా మహబూబ్‌నగర్‌లో సెకండ్ హ్యాండ్ కారు బేరం ఎక్కడ మొదలైనా మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత తిరిగిందన్నా?" ఏ సంవత్సరం మోడల్, ఎన్ని చేతులు మారింది, ఇన్సూరెన్స్ ఉందా అన్నవన్నీ ఆ తర్వాతే. జవాబు యాభై వేల కిలోమీటర్లయితే కొనేవాడు కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు. లక్షా నలభై వేలయితే టీ తాగి లేస్తాడు. అదే స్పోర్ట్స్ కారయితే టీ దాకా కూడా రాడు. "అసలే పిల్లలు దంచి నడిపే బండి, దానికితోడు లక్షన్నర. ఇంజన్ ఎప్పుడో బోర్‌కొచ్చి ఉంటది" అని బానెట్ ఎత్తకుండానే తేల్చేస్తాడు.

ఈ లెక్క తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. సర్వీసు బిల్లులు వరుస తప్పకుండా ఉన్న కారు లక్షన్నర తిరిగినా సరే, ముప్పై వేలే తిరిగి షెడ్డులో పడి ఉన్న కారు కంటే చాలాసార్లు నిలకడగా నడుస్తుంది. అయితే అమ్మబోతే దానికి ధర రాదు. ఆ మాట కూడా నిజమే. ధర రాకపోవడానికి కారణం కారులో ఉందా, మన మార్కెట్ కారును చూసే తీరులో ఉందా అన్నదే నా బాధ.

నేను నడిపేది స్కోడా ఆక్టావియాలో స్పోర్ట్స్ రకం, వీఆర్ఎస్ 230. 2017లో వచ్చిన కారు. నాలుగు డోర్లు, పెద్ద డిక్కీ, బయటికి మామూలు సెడాన్ లాగే ఉంటుంది. లోపల 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 హార్స్‌పవర్, ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునే గేర్‌బాక్స్. నేను కొన్నప్పటికే లక్ష దాటింది, ఇప్పుడు లక్షన్నర దాటి నడుస్తోంది. మొదటి ఓనరు పని మీద హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు తిరిగే మనిషి. కారుతో పాటు ఆయన ఒక లావుపాటి ఫైలు ఇచ్చాడు. అందులో ప్రతి ఆయిల్ మార్పుకూ బిల్లుంది. బిల్లు మీద తేదీ, రీడింగ్, వేసిన ఆయిల్ గ్రేడ్ ఉన్నాయి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు, బ్రేక్ ఫ్లూయిడ్ బిల్లు విడిగా ఉన్నాయి. నేను కారు కంటే ముందు ఆ ఫైలు చదివాను.

కిలోమీటర్ల సంగతి ముందు చూద్దాం. జడ్చర్ల దాటాక 44వ నంబరు హైవే మీద భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి దాకా వెళ్లే బండికి పెద్దగా శ్రమ ఉండదు. వంద స్పీడులో ఆరో గేరులో ఇంజన్ రెండు వేల ఆర్‌పీఎం అటూ ఇటూగా తిరుగుతూ ఉంటుంది. ఆయిల్ సరైన వేడి మీద ఉంటుంది, గేర్లు మారవు, బ్రేకుల మీద కాలు పడదు. అదే కారు హైదరాబాద్‌లో ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కు రోజూ పోయిందనుకోండి. ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ పట్టి వదలాలి, ఏసీ కోసం ఇంజన్ నిలబడిన చోటే తిరగాలి, టర్బో వేడెక్కాలి. మీటరు మాత్రం కదలదు.

లెక్క వేసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు సగటున గంటకు 60 చొప్పున తిరిగిన ఇంజన్ పని చేసింది రెండు వేల గంటలు. యాభై వేల కిలోమీటర్లు సగటున 20 చొప్పున సిటీలో తిరిగిన ఇంజన్ రెండున్నర వేల గంటలు పని చేసింది. అంటే మన బజారులో "కొత్త బండి లెక్కే" అనిపించుకునే కారు ఇంజనే ఎక్కువ సేపు తిరిగింది. ట్రాక్టర్‌కు, జేసీబీకి గంటల మీటరు చూసి బేరమాడే మనుషులే కారు దగ్గరికి వచ్చేసరికి గంటల మాటే ఎత్తరు.

ఇక తిరగని కారు సంగతి. స్పోర్ట్స్ కార్లలో ఈ రకమే ఎక్కువ. మోజు పడి కొంటారు, రెండేళ్లకు పెళ్లో పిల్లలో పెద్ద ఎస్‌యూవీనో వస్తుంది, ఇది కవర్ కప్పుకొని మూలకు చేరుతుంది. మిర్యాలగూడలో మాకు తెలిసినవాళ్ల రైస్ మిల్లు షెడ్డులో అలాంటి కారు ఒకటి చూశాను. రెండు సీట్ల జర్మన్ కారు, మీటరు మీద ఇరవై వేలు కూడా లేవు. పెయింట్ అద్దంలా ఉంది. వడ్లున్న చోట ఎలుకలుంటాయి కదా, బానెట్ ఎత్తితే వైరింగ్ రెండు చోట్ల కొరికేసి ఉంది. టైర్ల గాట్లు కొత్తవాటిలాగే ఉన్నాయి గానీ, పక్క గోడల మీద సన్నని పగుళ్లు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ముద్ర ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అది చూస్తే కారుతో పాటు వచ్చిన టైర్లే అవి. బ్రేక్ డిస్కుల మీద తుప్పు ప్యాడ్ ఆకారంలో అచ్చు పడి ఉంది. నల్లగొండ జిల్లా ఎండలు రాష్ట్రం మొత్తానికి తెలిసినవే, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు. ఆ వేడిలో కదలకుండా నిలబడ్డ కారులో రబ్బరు సీళ్లు, హోసులు గట్టిపడతాయి. ఇంజన్ తిరుగుతుంటే ఆయిల్ సీళ్లకు అందుతుంది, మెత్తగా ఉంచుతుంది. తిరగకపోతే అవి ఎండిపోయి, మళ్లీ స్టార్ట్ చేసిన నెలకో రెండు నెలలకో కారడం మొదలవుతుంది.

దీనికి ఇప్పుడు ఇథనాల్ కూడా తోడైంది. బంకుల్లో దొరుకుతున్న మామూలు పెట్రోల్ 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటి ఫ్యూయల్ లైన్లు, సీళ్లు ఆ మోతాదును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. రోజూ నడిచే కారులో ట్యాంకు ఖాళీ అవుతూ కొత్త పెట్రోల్ పడుతూ ఉంటుంది. నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిచిన కారులో అదే పెట్రోల్ అదే పంపును, అదే ఇంజెక్టర్లను నానబెడుతూ ఉంటుంది. తక్కువ తిరిగిందని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ఇవేవీ మీటరు మీద కనిపించవు.

నేను చెప్పేది ఎవరికైనా అతిగా అనిపిస్తే ప్రపంచంలోనే ఎక్కువ తిరిగిన కారు ఏదో చూడండి. అదొక స్పోర్ట్స్ కారు. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే స్కూలు టీచరు 1966లో కొన్న ఎర్ర వోల్వో పీ1800ఎస్, రెండు డోర్ల కూపే. 2013లో అలాస్కాలో అది 30 లక్షల మైళ్లు దాటింది. మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లు. మధ్యలో ఇంజన్ విప్పి మళ్లీ కట్టించాడు, అది దాచాల్సిన సంగతి కాదు. ఆయన చేసిందల్లా కంపెనీ పుస్తకంలో రాసినట్టు టైముకు ఆయిల్ మార్చడం, చిన్న చప్పుడు వచ్చినా వాయిదా వేయకపోవడం, రోజూ నడపడం. 2018లో ఆయన పోయేదాకా ఆ కారు నడుస్తూనే ఉంది.

అన్ని స్పోర్ట్స్ కార్లూ అలాగే నడుస్తాయని నేను అనను. కొన్నిటికి పుట్టుకతో వచ్చిన జబ్బులుంటాయి. పోర్షా 911, బాక్‌స్టర్ కార్లలో 1990ల చివరి నుంచి 2008 మోడళ్ల దాకా చాలావాటి ఇంజన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ ఒకటుండేది. అది విరిగితే ఇనుప రజను ఆయిల్‌లో కలిసి ఇంజన్ మొత్తం పోతుంది. దీని మీద అమెరికాలో కోర్టు కేసులు కూడా నడిచాయి. 2009 మోడళ్లతో ఆ షాఫ్టే లేని కొత్త ఇంజన్లు వచ్చాయి. అలాంటి పాత పోర్షా కొనబోయే మనిషి మీటరు నలభై వేలని సంబరపడితే ఏం లాభం? బేరింగ్ మార్చారా లేదా, మారిస్తే బిల్లేదీ అని అడగాలి. లక్ష దాటి, బేరింగ్ మార్చిన కారు నా దృష్టిలో ముప్పై వేలు తిరిగి దాన్ని ముట్టని కారు కంటే ఎన్నో రెట్లు మేలు.

మన దగ్గర డీఎస్‌జీ మీద ఉన్న భయం కూడా ఇలాంటిదే. "డీఎస్‌జీయా? వద్దన్నా, గేర్‌బాక్స్ పోతే కారు ధర పోతది" అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఏడు గేర్ల డ్రై క్లచ్ రకం, అంటే డీక్యూ200, చాలా దేశాల్లో తిప్పలు పెట్టింది. దానిలో గేర్లు మార్చే పని చూసే మెకాట్రానిక్ యూనిట్ కోసం 2013లో చైనాలో లక్షల కార్లను వెనక్కి పిలిచారు. 2020కి ముందు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐలో ఉన్నది ఆ రకమే. నా కారులో ఉన్నది ఆరు గేర్ల డీక్యూ250. దీని క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వేడిని తట్టుకుంటాయి. దానికి బదులుగా ప్రతి 60,000 కిలోమీటర్లకూ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మార్చకపోతే ఇదీ పోతుంది. కాబట్టి లక్షా ముప్పై వేలు తిరిగిన వీఆర్ఎస్‌లో రెండు గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లులు ఉండాలి. ఉంటే నిశ్చింత. లేకపోతే ఎంత మెరిసినా అది నాకొద్దు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. కొనేవాళ్లంతా ఒక్క అంకెనే చూసి ధర కడుతున్నప్పుడు అమ్మేవాళ్లు ఆ అంకెనే మారుస్తారు. మా బావమరిదికి ఇలాంటి కారే కావాలని ఉంది. హైదరాబాద్‌లో ఒకటి నచ్చిందని, రీడింగ్ 58 వేలేనని, అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధమయ్యాడు. ఆగమని చెప్పి నేనూ వెళ్లాను. పాలిష్ బాగా కొట్టారు. డ్రైవర్ డోరు తెరిచి కూర్చుంటే బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. స్టీరింగ్ తోలు పైభాగం మెరుస్తోంది, ఎక్కి దిగేటప్పుడు ఒరుసుకునే సీటు అంచు మడతలు పడి పగిలింది. బ్రేక్ డిస్కు అంచు మీద వేలు పెడితే గట్టుగా తగిలింది. యాభై ఎనిమిది వేలకు ఇన్ని గుర్తులు ఒకేసారి రావు.

లిఫ్ట్ ఉన్న గ్యారేజీకి తీసుకెళ్దామంటే అమ్మే అతను ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. మేస్త్రి లాప్‌టాప్ తగిలించి కారులోని కంప్యూటర్ మాడ్యూళ్లన్నీ ఒక్కొక్కటిగా స్కాన్ చేశాడు. ఈ కార్లలో ఏదైనా ఫాల్ట్ నమోదైతే దాంతో పాటు అప్పటి కిలోమీటర్లు కూడా నమోదవుతాయి. డ్యాష్‌బోర్డు అంకె మార్చేవాళ్లు అన్ని మాడ్యూళ్లనూ వెతికి మార్చాలంటే చాలా పని, ఏదో ఒకటి వదిలేస్తారు. గేర్‌బాక్స్ మాడ్యూల్‌లో ఎప్పటిదో పాత ఫాల్ట్ ఒకటి ఉంది. దాని పక్కన రీడింగ్ లక్షా పన్నెండు వేల చిల్లర. మేస్త్రి స్క్రీన్ మావైపు తిప్పాడు. అమ్మే అతను, ముందు ఓనరు అలా ఇచ్చాడనీ తనకు తెలియదనీ నీళ్లు నమిలాడు. "బావా, లక్షా పన్నెండని ముందే చెప్పి ఉంటే నేను కొనేవాణ్నేమో" అన్నాడు మా బావమరిది తిరిగి వస్తూ.

ఆ మాట నాకు బాగా పట్టింది. నిజం చెప్పి ఉంటే ఆ కారుకు దాని పాత బిల్లులు కూడా చూపించగలిగేవాళ్లు. మీటరు తిప్పిన రోజే ఆ బిల్లులన్నీ చించేయాల్సి వచ్చింది, ఎందుకంటే ప్రతి బిల్లు మీదా రీడింగ్ ఉంటుంది. మంచి సర్వీసు అందుకున్న కారయి ఉండొచ్చు. ఇప్పుడు దాని చరిత్ర ఎవరికీ తెలియదు.

ధర సంగతికి వస్తే ఒక విచిత్రం ఉంది. కారు విలువను కాగితం మీద కట్టే వ్యవస్థలు ఏవీ కిలోమీటర్లను పట్టించుకోవు. ఇన్సూరెన్స్‌లో కారు విలువ తగ్గించే పట్టిక వయసును బట్టే ఉంటుంది: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది దాటి రెండేళ్ల లోపు 20, నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు 50. ఐదేళ్లు దాటితే కంపెనీ, ఓనరు మాట్లాడుకున్నంత. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యువల్. ఇక్కడా లెక్క ఏళ్లదే. వేరే రాష్ట్రం కారును ఎన్‌ఓసీ తీసుకుని తెలంగాణకు మార్చుకుంటే కట్టే లైఫ్ ట్యాక్స్ కూడా కారు ధర, వయసు బట్టే. కాబట్టి ఐదేళ్లలో లక్షన్నర తిరిగిన కారుకూ, ఐదేళ్లలో ఇరవై వేలు తిరిగిన కారుకూ కాగితం మీద తేడా లేదు. తేడా అంతా కార్ల బజారులో, పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీల్లో పుడుతుంది.

ఆ తేడా చిన్నది కాదు. లక్ష అనే గీత దాటగానే గిరాకీ సగానికి సగం పడిపోతుంది. ఫైనాన్స్ ఇచ్చేవాళ్లు కూడా వెనకాడతారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి చోట్ల ఇలాంటి కారు కొనే మనిషి దొరకడమే కష్టం, దొరికినా మారుతీ డిజైర్ ధరకు అడుగుతాడు. కాబట్టి అమ్మేటప్పుడు లాభం వస్తుందనో, పెట్టింది తిరిగి వస్తుందనో ఎక్కువ తిరిగిన స్పోర్ట్స్ కారు కొనకూడదు. ఇది గట్టిగా చెప్తున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు పోయి జీఎస్టీ 40 శాతమే అయ్యాక కొత్త కార్ల ధరలు దిగాయి, దాని ఒత్తిడి పాత కార్ల మీద కూడా పడుతుంది.

కానీ ఈ నష్టంలో పెద్ద భాగం మొదటి ఓనరు ఎప్పుడో భరించాడు. లక్ష దాటిన కారును అగ్గువకు కొన్నవాడికి ఇంకా దిగడానికి మిగిలింది తక్కువ. లక్షా ఇరవై వేల రీడింగ్‌కు కొని లక్షా అరవై వేల రీడింగ్‌కు అమ్మితే, కొనేవాడి కంటికి రెండూ "లక్ష దాటిన బండే". అదే ముప్పై వేల రీడింగ్‌కు ఎక్కువ ధర పెట్టి కొని, మనసారా నడిపి లక్ష దాటించి అమ్మితే ఆ గీత దెబ్బ మొత్తం మన మీదే పడుతుంది. ఆ భయంతోనే చాలామంది కొన్న కారును నడపరు. స్పోర్ట్స్ కారు కొని మీటరు పెరుగుతుందని షెడ్డులో పెట్టడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంకో సంగతి, తక్కువ సంఖ్యలో వచ్చిన కార్ల ధర మామూలు కార్ల దారిలో పోదు. వీఆర్ఎస్ 230 వచ్చినప్పుడు ఎక్స్ షోరూం ధర 25 లక్షల లోపే. 2020లో వీఆర్ఎస్ 245 వచ్చింది, దేశం మొత్తానికి 200 కార్లు, 36 లక్షల దగ్గర. 2025 అక్టోబరులో అదే వరుసలో కొత్త ఆక్టావియా ఆర్ఎస్ వంద కార్లు మాత్రమే తెచ్చారు, ఒక్కోటి 50 లక్షలు. ఆ వందా ఇట్టే అయిపోయాయి. కొత్తది దొరకనివాళ్లు పాతదాని వైపే చూస్తారు. అలా చూసేవాళ్లకు ఇంజన్ గురించి, గేర్‌బాక్స్ గురించి తెలుసు, వాళ్లు ఫైలు అడుగుతారు. ఇలాంటి కారును మనూరి కన్సల్టెన్సీలో పెట్టి అమ్మడం కంటే హైదరాబాద్, బెంగళూరుల్లో ఆ కారే కావాలని వెతికేవాళ్లకు నేరుగా అమ్మడం మేలు. వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మితే జీఎస్టీ కూడా ఉండదు. డీలరుకైతే తన మార్జిన్ మీద 18 శాతం పడుతుంది, అది ఏదో ఒక రూపంలో కొనేవాడి మీదకే వస్తుంది.

ఖర్చు విషయంలో మాత్రం ఎవరినీ మభ్యపెట్టను. కారు ధర సగానికి దిగింది కదా అని స్పేర్ పార్టుల ధర దిగదు. పది పన్నెండు లక్షలకు కొన్న కారుకు పాతిక లక్షల కారు పార్టులే వేయాలి. లక్షన్నర దగ్గర సస్పెన్షన్ బుష్‌లు, ఇంజన్ మౌంట్లు, వాటర్ పంపు, ఇంజన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉండే హౌసింగ్ మార్పు అడుగుతాయి. నా కారులో థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కూలెంట్ చెమ్మ పట్టింది. ఈ ఇంజన్లలో అది ప్లాస్టిక్‌ది, వయసుతో లీకవుతుందని అందరికీ తెలిసిందే. మార్చేదాకా దూర ప్రయాణం పెట్టుకోలేదు. శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు దాటాక అడవిలో సిగ్నల్ కూడా సరిగ్గా అందదు, అక్కడ ఇంజన్ వేడెక్కి ఆగితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. కొన్న ధరలో ఐదో వంతు డబ్బు మొదటి ఏడాది కోసం పక్కన పెట్టుకోలేనివాళ్లు ఇలాంటి కారు కొనకపోవడమే మంచిది. స్తోమత సరిపోక సర్వీసు వాయిదా వేయడం మొదలైతే నేను ఇంతసేపు చెప్పిన మాటలన్నీ చెల్లవు. పైగా మహబూబ్‌నగర్‌లో ఈ గేర్‌బాక్స్ మీద చెయ్యి వేయగల మేస్త్రిని వెతకడం కష్టం, హైదరాబాద్ పోవాల్సిందే. ఆ పోయి రావడం కూడా ఖర్చులో కలుపుకోవాలి.

మా బావమరిది ఇప్పుడు బెంగళూరులో ఒక కేఏ రిజిస్ట్రేషన్ కారు మీద మాట్లాడుతున్నాడు. లక్షా ముప్పై వేల పైన తిరిగింది, ఒకే ఓనరు, ఎక్కువగా హైవే మీదే. బిల్లులు ఫోన్‌కు పంపితే ఇద్దరం కూర్చుని చదివాం. గేర్‌బాక్స్ ఆయిల్ రెండుసార్లు మార్చారు. ఇంజన్ ఆయిల్ ఎక్కడా వాయిదా పడలేదు. వాటర్ పంపు మార్చినట్టు ఎక్కడా లేదు, ముందు టైర్లు ఆరేళ్ల కిందటివి. ఈ రెండిటి ఖర్చూ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సూ లెక్కగట్టి ధరలోంచి తగ్గించమని అడుగు, రీడింగ్ గురించి మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించమని అడక్కు అని చెప్పాను. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలని శనివారం రాత్రి బస్సుకు వెళ్తున్నాం.